కొబ్బరికాయ పట్టని సంచి

కొబ్బరికాయ చేత్తో పట్టుకుని సైకిళ్ళ షాపుకి వెళ్ళిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, రాజమండ్రిలో ఆ షాపు నడిమధ్యన ఆ మనిషి పక్కనే నిలబడి, తెలిసినవాళ్ళెవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూస్తూ చెమటలు కక్కాను. ఆ మనిషి పేరు వీరదుర్గ. ఐ.పోలవరం దగ్గర రేవులో చేపలు ఎత్తి, సైకిలు మీద ఊరూరా తిరిగి అమ్ముతుంది. కొబ్బరికాయ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ మనిషి నాకెలా తగులుకుందో చెప్పాలి.

నా పేరు కరుణ. మురమళ్ళ వైపు ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. నా నోరు మంచిది కాదని మా ఇంట్లోవాళ్ళూ, చర్చిలోవాళ్ళూ, చివరికి మా హెడ్మాస్టరుగారు కూడా ఒప్పుకున్న మాటే. ఈల మెడలో వేసుకుని పుట్టానని అంటారు. అననివ్వండి.

ఒకరోజు పొద్దున్నే రొయ్యల చెరువుల గట్టు రోడ్డున స్కూటీ మీద స్కూలుకి వెళ్తున్నాను. సముద్రం వైపు నుంచి ఎదురుగాలి. స్కూటీయే మూలుగుతూ నడుస్తోంది. ఇంతలో పక్కనుంచి ఏదో సర్రున దాటిపోయింది. చూద్దును కదా, ఓ పాత సైకిలు! వెనక క్యారేజీకి కట్టిన ప్లాస్టిక్ టబ్బు, టబ్బు నిండా ఐసూ చేపలూ. తొక్కుతున్నది కుచ్చిళ్ళు పైకి దోపుకున్న ఆడమనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో పిల్లలందరికీ పరుగులు నేర్పేదాన్ని, ఇంజను బండి మీద కూర్చుని వెనకబడటమా? హ్యాండిలు మెలితిప్పి వెంటపడ్డాను. మలుపులో పట్టుకున్నాను గానీ, అదీ ఆవిడ ఎవరికో చేపలు తూచడానికి ఆగింది కాబట్టి.

“ఏమ్మా, ఈ తొక్కుడు ఎక్కడ నేర్చుకున్నావు?” అని రొప్పుతూ అడిగాను.

“నేర్చుకోవడమేంటండి బాబూ! ఐసు కరిగిపోద్ది కదండీ,” అంది, నావైపు చూడకుండానే జెల్లల్ని తక్కెట్లోకి విసురుతూ. “ఐసు కరిగితే చేప పాడైపోద్ది. చేప పాడైతే ఇంటికాడ మా అత్త నన్ను ఊరుకోదండి.”

ఆ అత్తని కూడా తర్వాత చూశాను. పాపాయమ్మ. ఎముకల గూడులా ఉంటుంది, మాట మాత్రం రేవు అవతలికి వినిపిస్తుంది. వయసులో ఉన్నప్పుడు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ముమ్మిడివరం దాకా నడిచి అమ్మేదట. మోసీ మోసీ మెడ నరాలు పోయాయి. ఇప్పుడు పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. కొడుకు పోలిరాజుకి పెళ్ళి కాగానే ఆవిడ చేసిన మొదటి పని కోడలికి సైకిలు కొనడం. “నా మెడ పోయింది చాలు. ఈ పిల్ల నెత్తిన తట్ట ఎక్కడానికి వీల్లేదు,” అని శాసనం చేసిందట. కొత్త సైకిలు ముందు తానే కొబ్బరికాయ కొట్టింది. ఆనాటి నుంచీ ఆ సైకిలు వీరదుర్గని ఎక్కడా కింద పడెయ్యలేదంటే అది ఆ కాయ మహిమేనని ఆవిడ నమ్మకం. నేను క్రైస్తవురాలిని, కాయ కొట్టే ఆచారం మాకు లేదు. అయినా ఆ మాట వింటే నాకూ కాదనబుద్ధి కాలేదు.

పట్టు పట్టానంటే వదిలే రకాన్ని కాదు నేను. అమలాపురంలో ఒక డాక్టరుగారు మోకాళ్ళ నొప్పులని మూలన పడేసిన రేసు సైకిలుంటే, వెళ్ళి అడిగి తెచ్చాను. వీరదుర్గ దాన్ని చూసి, “ఇంత సన్నగా ఉందేంటండి, కొయ్యింగ చేపలాగ!” అని నవ్వింది. ఎక్కాక మాత్రం నవ్వలేదు. గట్టు చివరిదాకా వెళ్ళి వచ్చి, సీటు మీంచి దిగకుండా, “ఇంకోసారి ఎల్లిరానాండి మేడం గారూ?” అంది. నలభై దాటిన ఆడవాళ్ళకి కూడా పోటీలుంటాయని చెబితే మొదట నమ్మలేదు. జిల్లాలో గెలిచింది. రాష్ట్రంలో గెలిచింది. పోయినేడాది దేశం మొత్తం మీద జరిగే పోటీకి పూణే వెళ్ళాలన్నారు. ఆక్వా రైతుల సంఘంవాళ్ళు విమానం టిక్కెట్లు తీసిపెట్టారు. డాక్టరుగారు తన సైకిలు పెట్టె కూడా ఇచ్చారు. గట్టి ప్లాస్టిక్‌ది, చక్రాలున్నది, పెద్ద గాదెలాంటిది.

ఆ గాదె దగ్గరే వచ్చింది చావు.

మా కోనసీమలో ఏ పెట్టె గానీ ఖాళీ చోటుతో గడప దాటదు. దాటితే ఇంటికి పరువు తక్కువ. చుట్టాలింటికి వెళ్ళే చేతిసంచిలోనే నాలుగు కాయలు పడేస్తారు, అలాంటిది అంత పెద్ద పెట్టెలో సైకిలు పోను మూలమూలనా చోటుంటే ఊరుకుంటారా? మేము సైకిలు సర్ది ఇలా అన్నాలకి లేచామో లేదో, పాపాయమ్మ అలా పని కానిచ్చేసింది. కోడలి తువ్వాల్లో చుట్టి పిలకతో సహా ఒక కొబ్బరికాయ పెట్టింది. పోటీకి ముందు సైకిలు ముందర కొట్టాలి కదా, ఆ పూణేలో మంచి కాయ దొరుకుతుందో లేదో! దానికి తోడు రెండు కురిడీలు కూడా పెట్టింది. కాయని అటక మీద నెలల తరబడి ఎండనిస్తే లోపలి కొబ్బరి చిప్ప వదిలేసి గుండులా తయారవుతుంది, అదే కురిడీ. తింటే కోడలికి బలమని ఆవిడ ఉద్దేశం. మాకు ఒక్క ముక్క చెబితే ఒట్టు.

విమానాశ్రయంలో మా ఇద్దరి పేర్లూ మైకులో పిలిచారు. వెళ్ళి చూస్తే, పెట్టె తెరిచి ఉంది. ఒక ఆఫీసరు రెండు చేతుల్లో రెండు కురిడీలు పట్టుకుని బాంబుల్ని చూసినట్టు చూస్తున్నాడు. అది నూనె సరుకట, వేడికి తనంతట తానే అంటుకోవచ్చట, విమానంలో పనికిరాదట. “మా ఊళ్ళో అటకలన్నీ ఇవేనండీ, ఒక్కటీ అంటుకోలేదు!” అని నేను అరిచాను. నా అరుపు ఎవరిక్కావాలి? కురిడీలు తీసేశారు, పెట్టె మూశారు. తువ్వాల్లో కాయ ఉన్నట్టు మాకు తెలియదు. వాళ్ళకి దానితో పేచీ లేదు. కురిడీలు పోయిన చోట ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో కాయ రెండు విమానాలు మారేదాకా ఆడుకుంది.

పూణేలో పెట్టె తెరవగానే కొబ్బరినీళ్ళ వాసన. కాయ రెండు చెక్కలై ఉంది. కొట్టాల్సిన కాయ దానంతట అదే సైకిలు ముందు పగిలింది చూశారూ! మొక్కు తీరింది, బండి పోయింది. వెనక చక్రం పక్కన గేరుని పట్టుకుని ఉండే చిన్న కొక్కెం ఉంటుంది, అది పుటుక్కున విరిగి వేలాడుతోంది. ఒక్కో సైకిలుకి ఒక్కో రకం కొక్కెం. ఊరంతా తిరిగినా దానికి సరిపోయేది దొరకలేదు.

పోటీ రోజున వీరదుర్గ వీపు మీద నంబరు కట్టుకుని, రోడ్డు పక్క తాడు ఇవతల నిలబడింది. వెళ్ళేవాళ్ళందర్నీ చూసింది. ఎవరో నీళ్ళ సీసా జారవిడిస్తే పరుగెత్తి అందించింది కూడా. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది.

“ఊరు వెళ్ళగానే మీ అత్తగారిని నాలుగు దులిపెయ్యకపోతే నా పేరు కరుణే కాదు,” అన్నాను.

ఎప్పుడూ నాకు ఎదురు చెప్పని మనిషి నా చెయ్యి పట్టుకుంది. “వద్దండి మేడం గారూ. మీకు దణ్ణం పెడతాను. ఆవిడ మెడ విరగ్గొట్టుకుని నాకు సైకిలు కొన్నాదండి. ఆవిడ పెట్టిన కాయే నా బండి విరిచేసిందని తెలిస్తే ఇంక అన్నం ముడతాదాండీ? దారిలో ఎక్కడో దెబ్బ తగిలిందని చెప్పేస్తాను. మీరు నోరు విప్పేరంటే నేనింక సైకిలెక్కను. ఆయ్.”

ఆ ‘ఆయ్’ తర్వాత ఇక మాట్లాడటానికి లేదు. నేను నోరు మూసుకున్నాను. ఏడాది పాటు ఒక మాట కడుపులో దాచుకోవడం నాకెంత కష్టమో ఆ దేవుడికే తెలుసు. రేవులో మాత్రం ఎగతాళి ఆగలేదు. “విమానమెక్కి ఎల్లి ఏం తెచ్చేవే దుర్గా? సీసాలో గాలి తెచ్చేవా?” అని చేపలు వేలం పాడేటప్పుడల్లా ఎవడో ఒకడు అనేవాడు. వీరదుర్గ తల వంచుకుని ఐసు కొట్టుకునేది. పక్కనే కూర్చున్న పాపాయమ్మ మాత్రం, ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళిపోయేది. నోరున్న మనిషి తిరిగి తిట్టకుండా ఎందుకు లేచిపోతోందో నాకు అర్థమయ్యేది కాదు.

కొత్త కొక్కెం తెప్పించి వేశాం, ఈ ఏడు వీరదుర్గ మళ్ళీ రాష్ట్రంలో గెలిచింది. దేశం పోటీ ఈసారి జైపూర్లో. డాక్టరుగారి పెట్టె ఎప్పుడో తిరిగిచ్చేశాం. సొంతానికి ఒకటి కొనుక్కోండి, మేమిస్తాం అన్నారు సంఘంవాళ్ళు. ఆ మాట ఇంట్లో చెప్పగానే పాపాయమ్మ మనిషి మొత్తం ఇటు తిరిగింది.

“ఈసారి ఎలాంటి పెట్టె కొంటన్నారండి టీచరమ్మగారూ? లోపల చోటు గట్రా ఉంటదాండి?”

నేనూ వీరదుర్గా మొహామొహాలు చూసుకున్నాం. మళ్ళీ కాయకి చోటు వెతుకుతోంది మహాతల్లి! వద్దని చెప్పాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే ఆవిడ గుండె పగులుతుంది. చెప్పకపోతే బండి విరుగుతుంది. మింగలేక కక్కలేక చచ్చాం.

అదిగో, ఆ మర్నాడే వీరదుర్గ కొబ్బరికాయతో రాజమండ్రి బస్సెక్కింది.

షాపాయన పేరు గంగాధరరావుగారు. మంచి మనిషి, ఓపిక మనిషి. మూడు రకాలు చూపించారు. మొదటిది గట్టి పెట్టె, డాక్టరుగారిదాని పెద్దన్నలాంటిది. రెండోది కొత్త సైకిళ్ళు వచ్చే అట్టపెట్టె. తేలికగా ఉంటుంది, ఊరికే ఇస్తానన్నారు, కానీ ఒక్క వాన పడిందా అప్పడం నానినట్టు నానిపోతుంది. మూడోది సంచి. పైకి గుడ్డ, లోపల మందంగా మెత్తలు, అడుగున ఇనుప చట్రం. ముందు చక్రం, వెనక చక్రం ఊడదీసి సైకిలుని ఆ చట్రానికి బిగిస్తే గుర్రంలా నిలబడుతుంది. చక్రాలు రెండూ చెరోపక్క జేబుల్లో దూరతాయి.

“గట్టిదే తీసుకుందాం,” అన్నాను నేను. “గుడ్డ సంచిలో పెట్టి పంపితే పైన ఎవడైనా ట్రంకు పెట్టె పడేశాడనుకో, ఇంక అంతే సంగతులు.”

వీరదుర్గ చేతిసంచిలోంచి కాయ తీసింది.

గంగాధరరావుగారు కంగారుపడ్డారు. “పూజ చేసుకుంటారని ముందే చెప్పొచ్చు కదండీ, పువ్వులు తెప్పించేవాణ్ణి!”

“పూజ కాదండి, కొలతండి,” అని వీరదుర్గ గట్టి పెట్టెలో, అక్కడ షోకి పెట్టిన సైకిలు పక్కన కాయ పడేసి మూత మూసింది. పట్టుకుని ఊపింది. లోపల గడగడా చప్పుడు. షాపులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నేను గుమ్మం వైపు చూశాను. “ఇందులో ఒక గెల పట్టేస్తాదండి,” అని తేల్చేసింది. అట్టపెట్టెలో వేసింది, అందులోనూ దర్జాగా పట్టింది. మూడోదైన సంచి దగ్గరికి వచ్చింది. గంగాధరరావుగారి చేత సైకిలు బిగింపించి, చక్రాలు దూర్పించి, కాయ ఎక్కడ పెట్టినా జిప్పు పడదని చూసుకుంది. పైనుంచి తోసింది, పక్కనుంచి తోసింది. ఎక్కడా పట్టలేదు. ఒక్క చోట, హ్యాండిలు కింద మాత్రం కాయ ఇమిడి కూర్చుంది. అక్కడ వేలు పెట్టి, “ఈ ఒక్కటీ నేను చూసుకుంటానండి,” అంది.

“అసలు సంగతేంటండీ?” అని ఆయన నన్ను అడిగారు. మొత్తం చెప్పాను. ఏడాదిగా ఆగిన మాట కదా, వరదొచ్చినట్టు వచ్చింది. ఆయన నవ్వలేదు. కాయ చేతిలోకి తీసుకుని బరువు చూశారు.

“గుడ్డ సంచి అని భయపడకండి టీచరుగారూ,” అన్నారు. “గట్టి పెట్టె ఉత్తదే బోలెడు బరువు. విమానంవాళ్ళు ఒప్పుకునే బరువులో సగం దానికే పోద్ది. పైగా పెట్టె గట్టిదని దాన్ని దొర్లించేస్తారు. సంచినైతే ఎత్తుతారండి.”

“అయినా గట్టిది గట్టిదే కదండీ!” నేను వదల్లేదు.

“రొయ్యకి పెంకు లేదాండి మేడం గారూ?” అంది వీరదుర్గ. “పెంకు ఉన్నా, పెట్టెలో ఐసు బిగించి కొట్టకపోతే ఒకదానికొకటి తగిలి మీసాలిరిగిపోతాయి. పైన ఏముందని కాదండి, లోపల కదలకూడదు. అంతేనండి.”

సరే, ఓడిపోయాను. సంచి కొన్నాం. ఆ కాయని గంగాధరరావుగారు ఇవ్వలేదు. గుర్తుగా ఉంచుకుంటానని తన బల్ల మీద పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక, హ్యాండిలు కింద మిగిలిన ఆ చోటుకి వీరదుర్గ పాత పీచు పరుపు కోసింది. ఆ చోటికి సరిగ్గా అచ్చు తీసినట్టు ముక్క కోసి, గేరు చుట్టూ తొడగడానికి ఇంకో ముక్క కోసి, రెండింటికీ గుడ్డ తొడిగింది. పోలిరాజు వల బాగుచేసే సూదితో వాటిని కుట్టిపెట్టాడు. కొబ్బరి పీచు! చివరికి కొబ్బరి లేకుండా మా ఇళ్ళలోంచి ఏదీ కదలదన్నమాట. ఈసారి మాత్రం కదలకుండా పట్టుకునే పని దానిది.

ప్రయాణం రోజు పొద్దున్నే సైకిలు సర్దేశాం. గాలి కొంచెం తగ్గించి, పెడళ్ళు ఊడదీసి, గేరుని విప్పి పీచు తొడుగులో పెట్టి లోపలికి కట్టేసి, జిప్పు లాగి అరుగు మీద నిలబెట్టాం. సాయంత్రం కారు వస్తుంది. ఇక మొదలైంది అసలు కథ. పాపాయమ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి సంచి పక్కన వేసుకుంది. చేతికర్ర అడ్డంగా ఒళ్ళో పెట్టుకుంది. కూర్చుంది.

కూర్చుందంటే ఇక లేవలేదు. పక్కింటి లక్ష్మీతులసి పూతరేకుల పొట్లం తెచ్చింది. “ఇది కాస్త ఓ పక్కన పెట్టెయ్యండి పిన్నిగారూ, అక్కడ టీచరుగారూ దుర్గా తింటారు,” అని జిప్పు మీద చెయ్యి వేసిందో లేదో, కర్ర టక్కున నేల మీద పడింది. “చెయ్యి తియ్యి! తీసుకుపో ఇంటికి!” అంది పాపాయమ్మ. ఎండు రొయ్యలు తెచ్చినావిడనీ అంతే. కొబ్బరి లవుజు తెచ్చినావిడనీ అంతే. ఆవిడైతే అలిగి వెళ్ళిపోయింది.

‘ఆహా!’ అనుకున్నాను నేను. ‘అందర్నీ తరిమేసి, ఉన్న చోటంతా తన కాయకే అట్టేపెట్టుకుంటోంది. ఎంత జాణ!’ నేనూ ఓ కుర్చీ తెచ్చుకుని సంచికి రెండో పక్క వేసుకున్నాను. ఇటు నేను, అటు ఆవిడ, మధ్యన సంచి. గుడి ముందు ద్వారపాలకుల్లా ఉన్నామని పోలిరాజు నవ్వాడు. కొరకొరా చూశాను. లోపలికి పోయాడు.

“మీరు అన్నం తినండి టీచరమ్మగారూ. నేనున్నాను కదండీ,” అంది పాపాయమ్మ.

“నాకు ఆకలిగా లేదండి. మీరు తినండి.”

“నాకూ లేదండి.”

లోపలినుంచి బొమ్మిడాయిల పులుసు వాసన వస్తోంది. నా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. ఆవిడ లేవలేదు, నేనూ లేవలేదు. వీరదుర్గ వచ్చి మా ఇద్దర్నీ చూసి, నెత్తి కొట్టుకుని, చెరో కంచంలో అక్కడికే పెట్టి తెచ్చింది. తింటున్నంతసేపూ ఆవిడ నా చేతుల వైపు, నేను ఆవిడ చేతుల వైపు చూసుకున్నాం.

“పందెం ఎన్నింటికండీ మొదలు?” అని మధ్యలో ఒక్క మాట అడిగింది.

“ఎల్లుండి పొద్దున్న ఏడింటికి,” అన్నాను ముక్తసరిగా.

కారొచ్చింది. అందరూ చూస్తుండగానే నేను జిప్పు తీసి, సంచి లోపలంతా చేత్తో తడిమాను. చక్రాలు, చట్రం, పీచు మెత్తలు. కాయ లేదు. కురిడీ లేదు. తమలపాకు కూడా లేదు. పాపాయమ్మ నన్నే చూస్తోంది. కారు ముందు కూడా కాయ కొట్టలేదు. “ఎల్లి రండమ్మా,” అంది, అంతే. దారి పొడుగునా నాకు అదే ఆలోచన. ఎక్కడ దాచింది?

ఎక్కడా దాచలేదు. విమానాశ్రయంలో సంచి మిషన్లోకి వెళ్ళి ఇవతలికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. మైకులో వేరే ఎవరి పేరో వస్తే కూడా నేను లేచి నిలబడ్డాను. జైపూర్లో పెద్ద సామాన్లు వచ్చే తలుపు దగ్గర ఇద్దరం నిలబడితే, సంచి నిలువుగా, నింపాదిగా, పెళ్ళికొడుకులా వచ్చింది. ఆగలేక అక్కడే గోడవారన విప్పేశాం. కొక్కెం చెక్కుచెదరలేదు. గొలుసు మీద గీత లేదు. వీరదుర్గ వెనక చక్రం తగిలించి ఒక్క తిప్పు తిప్పింది. చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. దాన్ని చూస్తూ నేల మీద చతికిలబడి, కొంగుతో నోరు మూసుకుని ఏడ్చేసింది. నాకు కూడా ఏడుపొచ్చింది. ఈసారి మాత్రం కోపం రాలేదు.

పోటీలో ఒక్కొక్కళ్ళనే విడివిడిగా వదులుతారు. గడియారంతోనే పందెం. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ సైకిళ్ళు చూశాను, మాది వాటి ముందు ముసలమ్మ. ఏడు కాకముందే రోడ్డుకి ఎదురుగా గాలి లేచింది. ఇసుకతో కలిసి మొహాన కొడుతోంది. అందరూ ఆ గాలిని తిట్టుకుంటున్నారు. వీరదుర్గ మాత్రం మొహం ఎత్తి గాలి పీల్చింది.

“ఇది మన గట్టు మీద గాలేనండి మేడం గారూ,” అంది. “ఉప్పు లేదంతే.”

నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. తెరిచేసరికి ఆవిడ లేదు. తన ముందు బయల్దేరినావిడని సగం దారిలో దాటింది. ఆవిడకంటే ముందు బయల్దేరినావిడని తిరుగు దారిలో దాటింది. ముగింపు గీత వైపు వస్తుంటే నేను మెడలో ఈల తీసి ప్రాణం పెట్టి ఊదాను. ఎవరో ఆఫీసరు వచ్చి ఊదకూడదన్నాడు. అతని మొహాన ఇంకోసారి ఊదాను. చివరి మనిషి వచ్చేదాకా బోర్డు మీద పేర్లు మారుతూనే ఉన్నాయి. పైన ఉన్న పేరు మాత్రం మారలేదు. వీరదుర్గ, ఆంధ్రప్రదేశ్. మొదటి స్థానం. బంగారు పతకం! తస్సాదియ్యా, మా చేపల దుర్గ!

పతకం మెడలో పడగానే ఇంటికి వీడియో కాల్ చేసింది. పోలిరాజు ఫోను పట్టుకుని కేకలు పెడుతున్నాడు. వెనక రేవు రేవంతా ఉంది. ఫోను పాపాయమ్మ చేతికొచ్చింది.

“అత్తా, గెలిచేను! బండి చక్కగా వచ్చింది. ఈసారి దారిలో ఎక్కడా దెబ్బ తగల్లేదత్తా.”

పాపాయమ్మ ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. తర్వాత మెల్లగా అంది. ఆవిడ మెల్లగా మాట్లాడటం నేనదే వినడం. “ఎందుకు తగులుద్దే? ఈసారి నా కాయ లేదు కదా.”

వీరదుర్గ నావైపు చూస్తే, నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను.

“డాక్టరుగారికి ఇచ్చేటప్పుడు ఆ పెట్టె కడిగింది ఎవరే? నేను కాదా? మూలన చిప్ప ముక్క ఉంది. గేరు పళ్ళల్లో పీచు ఉంది. నాకు తెలీదనుకున్నావా? నువ్వు చెప్పలేదు. నీ మనసు తెలిసి నేను అడగలేదు. రేవులో ఎదవలు నిన్ను అన్నప్పుడల్లా నన్నే అన్నట్టుండేది. అందుకేనే ఈసారి చోటు లేని సంచి కొంటారో లేదోనని అడిగేను. అందుకే పొద్దుటి నుంచీ కాపలా కూచున్నాను, ఎవరూ ఏదీ పెట్టకుండా. ఆ టీచరమ్మగారు నన్ను దొంగని చూసినట్టు చూసేరు, చెప్పు ఆవిడకి!”

నేను పక్కనే ఉన్నాను. ఏం చెయ్యాలో తెలియక ఫోనుకి దణ్ణం పెట్టాను.

“మరి కాయ మానేసేననుకున్నావా?” అని ఆవిడ ఫోను తిప్పింది. అరుగు కింద వీరదుర్గ పాత చేపల సైకిలు, టబ్బుతో సహా, పసుపూ కుంకుమా పెట్టించుకుని నిలబడి ఉంది. దాని ముందు పగిలిన కొబ్బరికాయ. “ఏడు కొట్టేసరికి ఇక్కడే కొట్టేను. రెండు చెక్కలూ సమానంగా పగిలేయి. అప్పుడే తెలిసింది నాకు.”

అత్తా కోడళ్ళిద్దరూ రెండు చోట్లా ఏడుస్తుంటే మధ్యలో నేను ముక్కు చీదుకుంటూ నిలబడ్డాను. చివరికి పాపాయమ్మే తేరుకుంది. ఎప్పటి గొంతుతో అరిచింది, “ఆ పతకం మాత్రం సంచిలో పెట్టకే! చోటుందని అందులో ఏదీ పెట్టకండి. మెడలో వేసుకునే రా!”

అలాగే వచ్చింది. విమానాశ్రయంలో తనిఖీ దగ్గర తీసి ట్రేలో పెట్టమన్నారు. పెట్టింది, ఇవతలికి రాగానే మళ్ళీ వేసుకుంది. రేవులో కారు దిగితే, సీసాలో గాలి తెచ్చావా అని అడిగినవాళ్ళే పూలదండలతో నిలబడ్డారు. వాళ్ళని దాటుకుని నేరుగా అరుగు దగ్గరికి వెళ్ళింది. పతకం తీసి పాపాయమ్మ మెడలో వేసింది. తట్ట మోసి మోసి నరాలు పోయిన మెడ అది. కాస్త వంగి, జాగ్రత్తగా వేసింది.

“బరువుగా ఉందా అత్తా?”

“ఇదేం బరువే, నీ మొహం!” అంది పాపాయమ్మ. కానీ ఆ రోజంతా దాన్ని తియ్యలేదు.